తాళం ఖరీదు ఎవరు కట్టాలి?

బీటెక్ ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది. ఒకే సమాచారాన్ని చదివేవాళ్లు ఎక్కువమంది, మార్చేవాళ్లు కొద్దిమంది ఉంటే వాళ్ల మధ్య తగవు రాకుండా ఎలా చూడాలి? రెండు సెమాఫోర్లు, లోపల ఎంతమంది చదువుతున్నారో చెప్పే ఒక లెక్క, పదిహేను వరుసల కోడ్ రాస్తే మార్కులు పడతాయి. ఆ జవాబులో తప్పు లేదు. కాకపోతే అది కంప్యూటర్‌కు ఒకే ప్రాసెసర్ ఉన్న రోజుల జవాబు. ఇప్పుడు కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర ఆటో నడిపే మనిషి జేబులోని ఫోన్‌లోనే ఎనిమిది కోర్లు ఉంటున్నాయి. వాటన్నిటి మీదా ఆ పదిహేను వరుసలను ఒకేసారి నడిపిస్తే ఫలితం తప్పకపోవచ్చు గానీ వేగం కూలిపోతుంది. కొన్ని సందర్భాల్లో ఎనిమిది కోర్లు కలిసి చేసిన పని, ఒక్క కోర్ ఒంటరిగా చేసే దానికంటే తక్కువ తేలుతుంది. ఎందుకలా అవుతుందో మన ఇంజనీరింగ్ విద్యార్థికి తెలియాలి. రీడర్-రైటర్ లాక్‌ను డిజైన్ చేయడమంటే, సమాచారం చెడకుండా కాపాడే ఖర్చును చదివేవాడి మీద వేయాలా, రాసేవాడి మీద వేయాలా అని తేల్చడం. కంఠస్థం చేస్తే అది తేలదు, కొలవాలి. కర్నూలు, కడప కాలేజీలు ఈ పాఠాన్ని కొలత పాఠంగా చెప్పాలి. అందుకు కావలసినవన్నీ వాటి దగ్గర ఉన్నాయి.

అసలు తాళం ఎందుకో ముందు చూద్దాం. 2015లో మొదలైన ‘మీ భూమి’ పోర్టల్‌లో అడంగల్, 1బి అనే భూమి రికార్డులు చూసేవాళ్లు చాలామంది. రైతు చూస్తాడు, పంట రుణమిచ్చే బ్యాంకు చూస్తుంది, పొలం కొనబోయేవాడు చూస్తాడు. రికార్డు మారేది మాత్రం ఎప్పుడో, మ్యుటేషన్ జరిగినప్పుడే. ప్రొద్దుటూరు దగ్గర అయిదెకరాల సర్వే నంబరును అన్నదమ్ములు మూడు, రెండుగా పంచుకున్నారనుకుందాం. తమ్ముడి పేర రెండెకరాలు ఎక్కించి, అన్న పేర ఉన్న అయిదును మూడుగా దిద్దేలోపు ఎవరైనా ఆ రికార్డు తెరిస్తే మొత్తం ఏడెకరాలు కనిపిస్తాయి. లేని రెండెకరాల మీద అప్పు కూడా పుట్టవచ్చు. ఇలా సగం జరిగిన మార్పు బయటికి కనిపించకుండా చూడడం డేటాబేస్ పని. ఆ డేటాబేస్‌కు కింద ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లోనూ ఇదే సమస్య, ఇంకా ముదిరిన రూపంలో ఉంటుంది. ఏ ఫైలు ఎక్కడుంది, ఏ ప్యాకెట్ ఏ దారిన పోవాలి, ఏ ప్రోగ్రాముకు ఏ మెమరీ ఇచ్చాం అనే పట్టికలను కోర్లన్నీ సెకనుకు లక్షలసార్లు చదువుతుంటాయి. మార్చడం అరుదు. చదివేవాళ్లు ఎందరైనా ఒకేసారి రావచ్చు, రాసేవాడు మాత్రం ఒంటరిగా రావాలి అనే నియమాన్ని అక్కడ నానోసెకన్లలో అమలు చేయాలి. ఆ నియమాన్ని అమలు చేసేదే రీడర్-రైటర్ లాక్.

ఈ సమస్యకు పాఠ్యపుస్తక రూపం 1971 అక్టోబరులో వచ్చింది. బెల్జియంలోని ఎంబీఎల్ఈ పరిశోధనశాలకు చెందిన కుర్ట్వా, హేమాన్స్, అమెరికా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ పార్నస్ కలిసి ఒక చిన్న వ్యాసంలో రెండు పరిష్కారాలు చూపించారు. మొదటి దాంట్లో చదివేవాళ్లకు ముందుపీట. లోపల ఒక్కడు చదువుతున్నా తర్వాత వచ్చిన పాఠకుడు నేరుగా లోపలికి పోవచ్చు. పాఠకులు ఒకరి వెంట ఒకరు వస్తూనే ఉంటే రాసేవాడు ఎప్పటికీ బయటే నిలబడాలి. రెండో దాంట్లో రాసేవాళ్లకు ముందుపీట. అక్కడ ఆగిపోయే ప్రమాదం చదివేవాళ్లది. అంటే ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్న మొదటి రోజు నుంచే ఇందులో ఉంది. అయితే ఆనాటి లెక్కంతా ఎవరు ఎంతసేపు ఎదురుచూస్తారన్నదాని మీదే నడిచింది. తాళం తీయడానికి, వేయడానికి అయ్యే ఖర్చును పట్టించుకోలేదు. ఒకే ప్రాసెసర్ మీద ఆ ఖర్చు నిజంగానే చిన్నది. కోర్లు పెరిగాక అదే పెద్ద ఖర్చయి కూర్చుంది.

దీనికి కారణం పాఠకుల లెక్కలో ఉంది. లోపలికి వచ్చే ప్రతి పాఠకుడూ ఆ లెక్కను ఒకటి పెంచాలి, పోయేటప్పుడు ఒకటి తగ్గించాలి. పేరుకు అతడు చదవడానికే వచ్చాడు గానీ, మెమరీ దృష్టిలో రెండుసార్లు రాశాడు. ప్రతి కోర్‌కూ తన సొంత క్యాష్ మెమరీ ఉంటుంది. మెమరీని అది ముక్కలు ముక్కలుగా తెచ్చుకుంటుంది. మన పీసీల్లో ఒక్కో ముక్క 64 బైట్లు, దాన్నే క్యాష్ లైన్ అంటారు. చదవడానికైతే ఒకే లైన్ నకళ్లు అన్ని కోర్ల దగ్గరా ఉండవచ్చు. రాయాలంటే మాత్రం మిగతా నకళ్లన్నీ రద్దు చేయించి ఆ లైన్‌ను ఒక్క కోరే సొంతం చేసుకోవాలి. కడప సి.పి. బ్రౌన్ గ్రంథాలయంలో వందమంది వంద పుస్తకాలు ఒకేసారి చదువుకోవచ్చు. కానీ గుమ్మంలో ఒకే సందర్శకుల పుస్తకం పెట్టి, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ సంతకం చేయాల్సిందేనంటే వందమందీ ఆ పుస్తకం దగ్గర బారులు తీరతారు. పుస్తకాల దగ్గర లేని పోటీ సంతకం దగ్గర పుడుతుంది. పాఠకుల లెక్క ఉన్న క్యాష్ లైన్ అలాంటి పుస్తకమే.

అంకెల్లో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. లెక్క సులువు కోసం లోపల చదివే పని 10 నానోసెకన్లు అనుకుందాం. క్యాష్ లైన్ తన దగ్గరే ఉన్న ఒంటరి కోర్‌కు ఆ లెక్క పెంచడానికీ తగ్గించడానికీ కలిపి ఇంకో 10. అంటే ఒక చదువుకు 20 నానోసెకన్లు, సెకనుకు 5 కోట్ల చదువులు. ఇప్పుడు ఎనిమిది కోర్లు దిగాయి. లైన్ ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు చేతులు మారడానికి 50 నానోసెకన్లు పడుతుందనుకుంటే, ఒక్కో చదువుకు రెండు మార్పిడులు, అంటే 100 నానోసెకన్లు. ఈ మార్పిడులు ఒకదాని తర్వాత ఒకటిగానే జరగాలి కాబట్టి కోర్లు ఎన్నున్నా మొత్తం సెకనుకు కోటి చదువులు దాటవు. యంత్రం ఎనిమిదింతలైతే పని అయిదో వంతుకు పడిపోయింది. నిజమైన యంత్రంలో ఈ అంకెలు ప్రాసెసర్‌ను బట్టి అటూ ఇటూ మారతాయి. రెండు ప్రాసెసర్ చిప్‌లున్న పెద్ద సర్వర్లలో లైన్ చిప్ దాటాల్సి వస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది. లోపలి పని పొడుగైతే, ఉదాహరణకు 10 నానోసెకన్ల బదులు 10 మైక్రోసెకన్లయితే, ఈ పోటీ దాదాపు కనిపించదు. అందుకే రీడర్-రైటర్ లాక్ మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు విడిగా అర్థం లేదు. ఎంత పనికి, ఎన్ని కోర్ల మీద, నూటికి ఎన్ని చదువులకు అని అడిగితేనే దానికి జవాబు దొరుకుతుంది.

లైనక్స్ కెర్నల్ చరిత్ర ఈ వాదనకు గట్టి సాక్ష్యం. 1996లో వచ్చిన 2.0 వెర్షన్‌తో లైనక్స్ ఒకటికంటే ఎక్కువ ప్రాసెసర్ల మీద నడవడం మొదలుపెట్టింది. అప్పుడు కెర్నల్ మొత్తానికీ ఒకటే పెద్ద తాళం. దాన్ని ముక్కలు చేసి, చివరి ఆనవాలు చెరిపేసేసరికి 2011 మే వచ్చింది. ఆ పదిహేనేళ్ల దారిలో రీడర్-రైటర్ తాళాలు విరివిగా వాడారు, తర్వాత వాటినీ ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చారు. ఖాళీ అయ్యేదాకా కోర్ తిరుగుతూ ఎదురుచూసే స్పిన్ లాక్‌ల గురించి కెర్నల్ సొంత డాక్యుమెంటేషన్ ఏం చెబుతోందో చూడండి. రీడర్-రైటర్ రకానికి మామూలు తాళం కంటే ఎక్కువ ఆటమిక్ (మధ్యలో ఇంకో కోర్ జొరబడలేని) ఆపరేషన్లు కావాలి. లోపలి పని పొడుగైనది కాకపోతే మామూలు తాళమే మేలు. ఉన్నవాటినే తొలగిస్తున్నాం కాబట్టి నలుగురి ఒప్పుదల లేకుండా కొత్తది చేర్చవద్దు. మన పరీక్షల్లో ఆదర్శ పరిష్కారంగా రాసే వస్తువు గురించి, దాన్ని రోజూ వాడేవాళ్లు ఇస్తున్న హెచ్చరిక ఇది.

దాని స్థానంలో వచ్చిన పద్ధతులన్నిటి వెనకా ఒకటే ఆలోచన: చదివేవాడి చేత ఏమీ రాయించకూడదు, రాయించక తప్పకపోతే ఎవరి చోట వాళ్ల చేత రాయించాలి. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నల్‌లో ‘బిగ్ రీడర్ లాక్’ ఉండేది. ప్రతి ప్రాసెసర్‌కూ విడిగా ఒక తాళం. చదివేవాడు తన ప్రాసెసర్ తాళం ఒక్కటి తీస్తే చాలు, రాసేవాడు మాత్రం అన్ని తాళాలూ వరుసగా పట్టుకోవాలి. ఖర్చంతా రాసేవాడిదే. సీక్వెన్స్ లాక్ ఇంకో దారి. రాసేవాడు మొదలుపెట్టేటప్పుడొకసారి, ముగించాక ఒకసారి ఒక సంఖ్యను పెంచుతాడు. చదివేవాడు ముందూ వెనకా ఆ సంఖ్యను చూసుకుని, మారినా, బేసి సంఖ్యగా కనిపించినా మళ్లీ మొదటి నుంచి చదువుతాడు. లైనక్స్‌లో గడియారం సమయం చదవడానికి ఈ పద్ధతే వాడతారు, ఎందుకంటే సమయాన్ని అడిగేవాళ్లు లెక్కలేనంతమంది, దిద్దేవాడు ఒక్కడే. రాతలు ఎక్కువైతే మాత్రం చదివేవాడు మళ్లీ మళ్లీ చదువుతూ కూర్చోవాలి. ఇక్కడ కొంత ఖర్చు తిరిగి అతడి మీదే పడింది.

వీటన్నిటిలో ఎక్కువ ప్రభావం చూపింది ఆర్‌సీయూ, అంటే రీడ్-కాపీ-అప్‌డేట్. 1990లలో సీక్వెంట్ కంపెనీలో పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ తమ డైనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం దీన్ని రూపొందించారు. రాసేవాడు పాత రికార్డును ముట్టుకోడు. దాని నకలు తీసి, నకలులో మార్పు చేసి, చివర్లో ఒక్క పాయింటర్‌ను పాతదాని నుంచి కొత్తదానికి తిప్పుతాడు. అప్పటికే లోపలున్న పాఠకులు పాత రికార్డును పూర్తిగా చదువుకుని పోతారు, తర్వాత వచ్చేవాళ్లకు కొత్తది కనిపిస్తుంది. సగం మార్పు ఎవరి కంటా పడదు. పాతదాన్ని పారేయడం ఎప్పుడన్నదే చిక్కు. పాఠకుల లెక్క ఉంచితే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకని దొడ్డిదారిన తెలుసుకుంటారు. పాఠకుడు చదువు మధ్యలో ప్రాసెసర్‌ను వదలకూడదని నియమం పెట్టి, ప్రతి ప్రాసెసర్ కనీసం ఒకసారి ఒక పని నుంచి ఇంకో పనికి మారేదాకా ఆగుతారు. అందరూ మారారంటే పాత పాఠకులెవరూ మిగల్లేదని అర్థం. ఇలా నడిచే కెర్నల్‌లో చదివేవాడు తాళం కోసం ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా ఖర్చు పెట్టడు. 2002 అక్టోబరులో 2.5.43తో ఇది లైనక్స్‌లో చేరింది. ఆ పనిలో ముందున్న దీపాంకర్ శర్మ ఐబీఎం బెంగళూరు బృందంలోని ఇంజనీరు. ప్రపంచంలోని సర్వర్లలోనూ ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ నడిచే ఈ పనిముట్టులో అనంతపురం దాటితే వచ్చే ఊరి చెయ్యి ఉంది.

అయితే ఆర్‌సీయూ ఉచితం కాదు. పాత నకళ్లు కొంతసేపు మెమరీలో పడి ఉండాలి. రాసేవాడు ఆగాలి. చదివేవాడికి ఒక్క క్షణం పాత సమాచారం కనిపించవచ్చు. అడంగల్ చూసేవాడికి ఆ క్షణం తేడా వల్ల నష్టం లేదు. అదే పొలాన్ని ఇద్దరికి రిజిస్టర్ చేయకుండా అడ్డుకోవాల్సిన చోట పాత సమాచారం అసలు పనికిరాదు. రాసేవాడి మీద ఎంతైనా మోపవచ్చనుకోవడమూ పొరపాటే. లైనక్స్‌లో మామూలు ప్రోగ్రాములు వాడే పీథ్రెడ్ లైబ్రరీలోని రీడర్-రైటర్ లాక్ ఇప్పటికీ, మనం వేరేగా అడగకపోతే, చదివేవాళ్ల వైపే మొగ్గుతుంది. చదువులు ఆగని చోట రాసేవాడు ఎదురుచూస్తూ ఉండిపోవాల్సిందే. రికార్డు దిద్దాల్సినవాడు ఎప్పటికీ గుమ్మం బయటే నిలబడితే, పాఠకులు ఎంత వేగంగా చదివినా వాళ్లు చదివేది తప్పుడు రికార్డే. కెర్నల్ తాళాల్లోనూ ఉన్న ఇలాంటి అన్యాయాన్ని సరిచేయడానికే 2014లో హెచ్‌పీ ఇంజనీరు వైమన్ లాంగ్ చేసిన క్యూ పద్ధతి లాక్ 3.16 కెర్నల్‌లో చేరింది. అందులో ఎవరు ముందొస్తే వారిదే వంతు. 2019లో ఒరాకిల్‌కు చెందిన డేవ్ డైస్, అలెక్స్ కోగన్ ప్రకటించిన బ్రావో పద్ధతి ఇంకో మెట్టు ఎక్కింది. చదువులు ఎక్కువగా ఉన్నంతసేపు పాఠకులను వేరువేరు చోట్ల గుర్తు పెట్టనిస్తుంది. రాసేవాడు వచ్చి ఆ గుర్తులన్నీ వెతికే ఖర్చు పెరిగితే, కొంతకాలం ఆ వెసులుబాటును తానే ఆపేస్తుంది.

ఇంకో సాక్ష్యం మన ఫోన్లలోనే ఉంది. ప్రతి ప్రోగ్రాముకూ తన మెమరీ పటం ఒకటి ఉంటుంది. లైనక్స్‌లో ఆ పటం మొత్తానికీ కాపలాగా ఒకటే రీడర్-రైటర్ లాక్ ఏళ్ల తరబడి ఉంది. యాప్ తెరవగానే దాని థ్రెడ్లు కొన్ని కొత్త మెమరీ అడుగుతాయి, అది రాత. మిగతావి తమకు కావలసిన పేజీలు తెప్పించుకుంటాయి, అది చదువు. రెండూ ఒకే తాళం దగ్గర తోసుకునేవి. ఆ తాళాన్ని ఇంకా నేర్పుగా తయారు చేయడానికి ఎన్నో ప్రయత్నాలు జరిగాక, గూగుల్ ఇంజనీరు సురేన్ బాగ్దసార్యన్ పటంలోని ఒక్కో ప్రాంతానికి ఒక్కో తాళం పెట్టే మార్పు తెచ్చారు. అది 2023లో 6.4 కెర్నల్‌తో వచ్చింది. తాళం ఎంత గొప్పదైనా, అది కాపలా కాసే ఆస్తి మరీ పెద్దదైతే లాభం లేదని, ముందు ఆస్తిని పంచమని ఈ అనుభవం చెబుతోంది. ఏ పేజీ తెప్పింపు ఎక్కడ ఎంతసేపు ఆగుతోందో కొలిచి చూసినవాళ్లకే ఆ సంగతి తట్టింది.

ఇక మన తరగతి గదులకు వద్దాం. అనంతపురం జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ అంటే ఎక్కువగా అనుకరణ. సీపీయూ షెడ్యూలింగ్, బ్యాంకర్స్ అల్గారిథమ్, పేజీ రీప్లేస్‌మెంట్ వంటి వాటికి సీ ప్రోగ్రాములు రాసి, ఇచ్చిన అంకెలకు వచ్చిన జవాబు సరిపోతే రికార్డులో ఎక్కిస్తారు. కింద నడుస్తున్న యంత్రం అసలు ఎలా ప్రవర్తిస్తోందో ఇందులో ఎక్కడా బయటపడదు. వీటిలో రెండు ప్రయోగాలు తగ్గించి, ఒక కొలత ప్రయోగం పెడితే చాలు. ఒకే చిన్న పట్టికను మామూలు తాళమైన మ్యూటెక్స్‌తో ఒకసారి, రీడర్-రైటర్ లాక్‌తో ఒకసారి, థ్రెడ్‌కొక తాళం పెట్టి ఒకసారి కాపాడాలి. 1, 2, 4, 8 థ్రెడ్లతో నడపాలి. వెయ్యికి ఒక రాత, వందకు ఒక రాత, పదికి ఒక రాత అని మార్చాలి. లోపలి పనిని పొడిగించి చూడాలి. సెకనుకు ఎన్ని చదువులు, రాసేవాడు గరిష్ఠంగా ఎంతసేపు ఆగాడు అనే రెండు అంకెలకు గ్రాఫ్ గీయాలి. ఏ క్యాష్ లైన్ మీద పోటీ పడుతున్నారో లైనక్స్‌లోని పెర్ఫ్ అనే పనిముట్టుతో చూడవచ్చు. పదిహేను వరుసల కోడ్‌ను బట్టీపట్టిన విద్యార్థి, కోర్లు పెరిగేకొద్దీ తన గ్రాఫ్ కిందికి వంగడం ఒకసారి చూస్తే, ఎందుకని తానే అడుగుతాడు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం విలువైనదే. తప్పులేని ప్రోగ్రాము రాయడమే రానివాళ్లకు వేగం పాఠం చెబితే, వేగం కోసం తాళాలే తీసేస్తారని కొందరు అధ్యాపకులు అంటారు. నిజమే, ఫలితం తప్పే వేగంతో ఎవరికీ పనిలేదు. కానీ కొలత పాఠం ఆ భయాన్ని పెంచదు, తగ్గిస్తుంది. ల్యాబ్ పీసీల్లోని ఇంటెల్ తరహా ప్రాసెసర్లు మెమరీ రాతల వరుసను చాలావరకు కాపాడతాయి. ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లు అంతగా కాపాడవు. ముందు సమాచారం రాసి తర్వాత ‘సిద్ధం’ అని జెండా ఎగరేసే ప్రోగ్రాములో సరైన జాగ్రత్తలు లేకపోతే, పీసీ మీద వేలసార్లు సరిగ్గా నడిచి ఫోన్ మీద తప్పవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుంటే సీ ప్రోగ్రాము అక్కడే కంపైల్ చేసి నడపవచ్చు. ఒకే కోడ్‌ను రెండు రకాల యంత్రాల మీద నడిపి, ఒకచోట సరిగ్గా నడిచి ఇంకోచోట తప్పడం చూసిన విద్యార్థికి, ‘నా దగ్గర నడుస్తోంది’ అనే మాట రుజువు కాదని జీవితాంతం గుర్తుంటుంది. ఫలితం సరైనదని తర్కంతో నిరూపించాక వేగం కొలవాలి అనే క్రమాన్ని ల్యాబ్ మార్కుల్లోనే పెట్టవచ్చు.

రెండో అభ్యంతరం ఉద్యోగాలది. మన పిల్లల్లో కెర్నల్ రాసేవాళ్లు ఎందరు, జావా, వెబ్ ప్రోగ్రాములు రాసేవాళ్లు ఎందరు అని. ఆ జావాలోనే రీడర్-రైటర్ లాక్ ఉంది. దాని పరిమితులు చూసి 2014లో జావా 8 స్టాంప్డ్ లాక్ అనే ఇంకో రకాన్ని తెచ్చింది. అది సీక్వెన్స్ లాక్ ఆలోచనకు దగ్గరి చుట్టం. పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లు పాత రికార్డును ఉంచి కొత్త నకలు రాసే పద్ధతిలోనే చదువుకూ రాతకూ మధ్య అడ్డు తీసేశాయి. పేర్లు వేరు, ప్రశ్న ఒకటే. ఒక ప్రభుత్వ పోర్టల్‌కు పదహారు కోర్ల సర్వర్ సరిపోలేదని ముప్పైరెండు కోర్లది కొంటే వేగం పెరుగుతుందా, లేక తాళం దగ్గర తోపులాట పెరుగుతుందా అని చెప్పగలిగిన ఇంజనీరు జిల్లా కేంద్రంలో ఉన్నా విలువైనవాడే. ఈ కాలంలో ఇంకో మాటా వినిపిస్తోంది: కోడ్ ఏఐ రాసిపెడుతుంది, లైబ్రరీలు సిద్ధంగా ఉన్నాయి, ఇదంతా ఎందుకని. లైబ్రరీ నాలుగు రకాల తాళాలు ఇస్తుంది, ఏఐ నాలుగింటికీ కోడ్ రాస్తుంది. మన పనిలో చదువులెన్ని, రాతలెన్ని, రాసేవాడు ఎంతసేపు ఆగగలడు అన్నది ఆ రెంటికీ తెలియదు. పని మనది, కొలవాల్సిందీ మనమే.

మూడో అభ్యంతరం వనరులది. కరువు సీమలో ఇలాంటి పరిశోధన ఎక్కడ సాధ్యం, అది ఐఐటీల పని అంటారు. రాయలసీమలో నీళ్లకు కరువుంది గానీ కోర్లకు లేదు. పైన చెప్పిన ప్రయోగానికి నాలుగు కోర్ల పీసీ చాలు. కెర్నల్ సోర్సు ఉచితం. సమాంతర ప్రోగ్రామింగ్ మీద మెకెన్నీ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. ఎంఐటీ బోధన కోసం తయారు చేసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని ఒక సెమిస్టర్లో చదివేయవచ్చు. కెర్నల్ మార్పులను ఈమెయిల్‌లోనే పంపుతారు, ఈమెయిల్‌లోనే చర్చిస్తారు, పంపినవాడి కాలేజీ ర్యాంకు ఎవరూ అడగరు. లోటు ఒకచోట నిజంగా ఉంది. రెండు మూడు చిప్‌లున్న పెద్ద సర్వర్ల మీద మాత్రమే కనిపించే సమస్యలు ల్యాబ్ పీసీలో కనిపించవు. దానికి ప్రతి కాలేజీ ఒక పెద్ద సర్వర్ కొననక్కర్లేదు. 2015లో మొదలైన కర్నూలు ట్రిపుల్‌ఐటీడీఎం కేంద్ర విద్యాసంస్థ. జగన్నాథగట్టు క్యాంపస్‌లో అలాంటి యంత్రం ఒకటి పెట్టి, చుట్టుపక్కల కాలేజీల విద్యార్థులకు ఇంటర్నెట్ ద్వారా వంతులవారీగా సమయం ఇస్తే రెండు జిల్లాలకూ సరిపోతుంది. అధ్యాపకుల శిక్షణ అంతకంటే కష్టమైన పని, అది కాదనలేం. కానీ అధ్యాపకుడికి జవాబు ముందే తెలియాల్సిన అవసరం లేని పాఠమిది. గ్రాఫ్ ఎందుకు వంగిందో ఇద్దరూ కలిసి వెతకవచ్చు.

ఎవరు ఏం చేయాలో స్పష్టంగానే చెప్పవచ్చు. ఇడుపులపాయ ఆర్కే వ్యాలీ ట్రిపుల్‌ఐటీ, అంటే 2008లో ఏర్పడిన ఆర్‌జీయూకేటీ క్యాంపస్, తన సిలబస్ తానే రాసుకుంటుంది. పదో తరగతి తర్వాతే చేరి ఆరేళ్లు ఒకేచోట ఉండే పల్లె పిల్లలకు ఇలాంటి నిదానమైన పాఠం చెప్పే సమయం అక్కడుంది. కర్నూలులోని జి. పుల్లారెడ్డి, కడపలోని కె.ఎస్.ఆర్.ఎం. వంటి అటానమస్ కాలేజీలు యూనివర్సిటీ కోసం ఎదురుచూడకుండా ఒక ల్యాబ్ ప్రయోగాన్ని మార్చుకోగలవు. జేఎన్‌టీయూ అనంతపురం ఆర్23 సిలబస్ తర్వాత చేసే సవరణలో కొలత ప్రయోగాన్ని తప్పనిసరి చేయాలి. అన్నిటికంటే ముఖ్యంగా పరీక్ష ప్రశ్న మారాలి, ఎందుకంటే మన దగ్గర పాఠాన్ని నడిపించేది పరీక్షే. ‘రీడర్స్-రైటర్స్ సమస్యను వివరించండి’ అనే బదులు ఒక పని వివరం, దాని కొలతల గ్రాఫ్ రెండూ ఇచ్చి, ఏ తాళం వాడతారు, దాని ఖర్చు ఎవరి మీద పడుతుంది, అది న్యాయమేనని ఎలా చెప్పగలరు అని అడగాలి. ఆ ప్రశ్నకు బట్టీ జవాబు ఉండదు. ఆ జవాబు రాయగలిగిన విద్యార్థిని సిస్టమ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అనవచ్చు, అతడు చదివింది నగరమైనా సీమ పల్లె అయినా.